చీపురు బండి రీనస్

గూడ్సు రైలుకి ఆఖర్న గార్డు పెట్టె ఉంటుంది. నాకు ఇంజను కంటే ఆ పెట్టె మీదే మోజు ఎక్కువ. ఒకప్పుడు ఎడారిలో ఒంటెల బారు వెంట కొన్నాళ్ళు నడిచాను. అక్కడా అంతే, ముందు నడిచేవాడికి పేరు, వెనక నడిచేవాడికి దుమ్ము. కానీ ఏ ఒంటె కుంటుతోందో తెలిసేది ఆ దుమ్ము తినేవాడికే. రోటర్‌డామ్‌లో నాకు దొరికిన అలాంటి మనిషి రీనస్.

ట్రాము నడిపి రిటైరైనవాడు. మా రేవులో జరిగే హాఫ్ మారథాన్ పరుగులో ఏటా చీపురు బండి తోలేది అతనే. పరుగు వెనకాల, ఓపిక చచ్చినవాళ్ళని ఎక్కించుకుంటూ వచ్చే వ్యాను అది. దుప్పట్లు కప్పడానికి నేను పక్క సీట్లో కూర్చునేవాణ్ణి. వ్యాను నెత్తిన ఒక పుల్లల చీపురు కట్టి ఉంటుంది. అందరికంటే ఆఖర్న ముగింపు గీత దాటినవాళ్ళకి డ్రైవరు ఆ చీపురు విప్పి చేతికివ్వాలి. గెలిచినవాడికి పతకం, చివరిదాకా ఆగనివాడికి చీపురు. పతకం కొట్టినవాళ్ళ పేర్లు మరుసటేడుకి మర్చిపోతారు గాని, చీపురు ఎవరికి పోయిందో ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఆ చీపుర్లన్నీ రీనస్ ఇంటి బాల్కనీలోనే ఉండేవి. ఎప్పుడూ ఆఖర్న వచ్చేది అతని భార్య యాన్నీ మరి. మనిషి పొట్టి, మోకాళ్ళు అరిగిపోయాయి, నోరు మాత్రం అరగలేదు.

“ఓయ్ రీనస్! దగ్గరగా రావయ్యా. ఇంజను చప్పుడు చెవిన పడకపోతే నాకు కాళ్ళు కదలవు.”

“ఇంకా దగ్గరైతే నిన్ను గుద్దేస్తానే.”

“పెళ్ళినాడే గుద్దేశావుగా, ఇప్పుడు కొత్తేముంది?”

వాళ్ళ వీధిలోకి రాగానే పక్కింటివాళ్ళు సోఫాలు రోడ్డు మీదికి లాక్కుని కూర్చుని కేకలు వేసేవాళ్ళు: “యాన్నీ, ఈ ఏడు చీపురు మాకియ్యవే, మా వాకిలి మురికిగా ఉంది!” మిగతా మొగుడూ పెళ్ళాలు సముద్రానికి షికారు వెళితే, వీళ్ళ షికారు ఇదే. ఆమె ముందు, అతను వెనక, బండి మొదటి గేరులో.

పోయిన చలికాలం యాన్నీ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

ఈ అక్టోబరులో పరుగు రోజు పొద్దున రీనస్ తాళంచెవి తిప్పుతూ నాతో అన్నాడు: “ఇదొక్కసారి తోలతాను. ఎవరో ఒకరు నా ముందు నడిచి గీత దాటాలి. చీపురు వాళ్ళ చేతిలో పెట్టేశానంటే నా పని అయిపోయినట్టే.”

అయితే పరుగు కొత్త చేతుల్లోకి వెళ్ళింది. దారి మార్చారు, రీనస్ వీధి తీసేసి రేవు గోదాముల మధ్యకి మళ్ళించారు. రూలూ మార్చారు. పెద్ద వంతెన ఎక్కేలోగా వెనకబడ్డవాళ్ళనందరినీ బండెక్కించెయ్యాలి.

సగం దారికే బండి నిండింది. చలికి వణుకుతూ ఎక్కినవాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా! బేకరీ నడిపే హ్యూబ్ అందుకున్నాడు.

“నీళ్ళ బల్ల దగ్గర కప్పులున్నాయి, నీళ్ళు లేవు. వాన పట్టుకుని తాగమన్నారేమో!”

“ఆ గోదాముల దగ్గర మనకి చప్పట్లు కొట్టింది సీగల్ పిట్టలే,” అంది లా కాలేజీలో చదివే ఫెంకె అనే అమ్మాయి. “అవైనా వేరే దిక్కు చూసి అరిచాయి.”

“ముందు పోయినవాళ్ళు మాత్రం తెగ మెచ్చుకుంటున్నారంట. బ్రహ్మాండమైన దారి, బల్లపరుపు అంట.”

“మెచ్చుకోరా మరి? మన నీళ్ళు కూడా వాళ్ళే తాగేశారు!”

అందరూ నవ్వారు. రీనస్ నవ్వలేదు. అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు. అక్కడ ఒక్క మనిషి మిగిలింది. ఆకుపచ్చ చొక్కా, నడివయసు ఆడమనిషి. కుంటుతోంది గాని ఆగడం లేదు. వైర్లెస్‌లో పరుగు నడిపేవాళ్ళ కుర్రగొంతు వచ్చింది: “వంతెన ముందు ఆమెని ఎక్కించుకోండి సార్.” రీనస్ దాని గొంతు తగ్గించేశాడు.

“నడవనీ,” అన్నాడు నాతో. “ఆమె దాటుతుంది.”

వంతెన మీద గాలి చెంపలు వాయిస్తోంది. రీనస్ బండిని ఆమె వీపుకి ఇంకా దగ్గరగా తీసుకెళ్ళాడు. యాన్నీకి ఎంత దగ్గరగా తోలేవాడో అంత దగ్గరగా. ఇంజను చప్పుడు తోడుంటే కాళ్ళు కదులుతాయని అతని నమ్మకం. ఆమె తల తిప్పి చూసింది. అడుగు వేగం పెంచింది. మళ్ళీ చూసింది, మళ్ళీ పెంచింది. “చూశావా!” అని రీనస్ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. నేనూ అదే అనుకున్నాను.

వంతెన దిగే చోట ఆమె ఆగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. తర్వాత మెల్లగా వచ్చి తలుపు తీసింది. మొహం తడిసి ఉంది. వానో ఏడుపో తెలియలేదు.

“పెద్దాయనా, నేను పూర్తి చేసేదాన్నే. అలా ప్రాణం తీసేలా వెనకే తరుముకొస్తే ఎలా పరిగెత్తను? ఎక్కించుకోవాలని అంత తొందరైతే ముందే చెప్పాల్సింది.”

నేను దుప్పటి కప్పాను. ఆమె పేరు మార్లోస్ అట.

రీనస్ బండి కదిలించాడు. ముందు ఎవరూ లేరు. అన్నేళ్ళలో తన ముందు రోడ్డు ఖాళీగా ఉండడం అతనెప్పుడూ చూడలేదు. అయినా మొదటి గేరులోనే, నడక వేగంతోనే పోనిచ్చాడు.

“తాతా, గడ్డకట్టిపోతున్నాం. కొంచెం తొక్కవయ్యా!” అని అరిచాడు హ్యూబ్.

“అలవాటయిపోయింది, బాబూ,” అన్నాడు రీనస్. గేరు మాత్రం మార్చలేదు.

గీత దగ్గర గాలి నింపి నిలబెట్టిన కమాను దించేసి మడత పెడుతున్నారు. రీనస్ నిచ్చెనేసుకుని చీపురు విప్పాడు. మార్లోస్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

“వద్దండీ,” అంది ఆమె, గట్టిగా కాదు. “నేను దాటలేదుగా.”

తలూపాడు. వ్యాను అప్పజెప్పి ఇద్దరం ట్రామెక్కాం. అతని పక్కన సీటు ఖాళీగా ఉంది. చీపురు దాని మీద పెట్టమన్నాను. పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని దిగేదాకా అలాగే కూర్చున్నాడు.