బావగారి ఎడమ చెయ్యి

మా బావగారు ముత్యాలయ్య వదిలిన బాణం నా నెత్తిమీది ఎండుచేపల బుట్టలో దిగింది. జానెడు కిందికి వచ్చి ఉంటే ఈ మాట చెప్పడానికి నేనుండేదాన్ని కాదు. మైపాడు సరుగుడు తోట పక్కదారిలో బుట్ట కూడా దించకుండా అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాతే కెవ్వున కేక పెట్టాను.

వేట నిషేధం రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటారు, లేదంటే పేకాడతారు. మా బావగారికి ఆ రెండూ సరిపోలేదు. బిట్రగుంటలో ఆటల మేష్టారుగా చేసి, రిటైరై మా ఊళ్లో ఇల్లు కట్టుకున్న రూఫస్ గారి దగ్గర వెదురు విల్లు నేర్చుకోవడం మొదలుపెట్టారు. యాభై రెండేళ్ల మనిషికి ఇదేం సరదా అని నవ్వాను. బాణం బుట్టలో దిగిన రోజుతో ఆ నవ్వు సరి.

నా కేకకు మేష్టారు పరుగెత్తుకొచ్చారు. నాకేమీ కాలేదని చూసుకున్నాక బావగారి మీద విరుచుకుపడ్డారు.

"ఎన్నిసార్లు చెప్పినా ముత్యాలయ్యా! విల్లును బొటనవేలి కింద కండమీద ఆనించాల, అంతే. నువ్వు పిడికిలి బిగిస్తా ఉండావు. వదిలేటప్పుడు విల్లు తిరిగి బాణం ఎడమకు పోతా ఉంది."

"వేళ్లు వదిలితే పడిపోదా సార్?"

"పడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తాడు కట్టుకుంటే విల్లును అదే ఆపుద్ది."

తాడు అనగానే బావగారి మొహం పాలిపోయింది. ఎందుకో మేష్టారికి తెలియదు, నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట గాలివానలో మా ఆయన చిన్నబాబు పడవ మీంచి పడిపోయాడు. అన్న విసిరిన తాడు అందుకున్నాడు కూడా. ఆ తాడు బావగారి ఎడమ చేతిలోంచి జారింది. మూడో రోజుకి శవం ఒడ్డుకు వచ్చింది.

అప్పట్నుంచి ఆ చెయ్యి తెరుచుకోదు. చెంబు పట్టినా కణుపులు తెల్లబడతాయి. నేను ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అది మంచితనం కాదు, నోరు పెగల్లేదు. ఎక్కడ అంటానో అని ఆయనకు భయం, ఎక్కడ అనేస్తానో అని నాకు భయం. ఒకే వాకిట్లో నాలుగేళ్లు అలా తప్పుకు తిరిగాం.

బాణం బుట్టలో దిగిన మర్నాడు బావగారు విల్లు తెచ్చి నా గుమ్మంలో పెట్టారు.

"పొయ్యిలో పెట్టెయ్యి స్వర్ణమ్మా. నా చేత్తో ఇంకో మనిషి పోవాల్నా?"

పెట్టెయ్యడం ఎంతసేపు! కానీ నిషేధానికి ముందు జరిగింది గుర్తొచ్చింది. వల రాతికి చిక్కితే అందరూ తాళ్లు వదిలేశారు, ఈయన వదల్లేకపోయారు. సగం మనిషి పడవ అంచు దాటాక ఎవరో నడుం పట్టి లాగారు. ఇంకో పది రోజుల్లో వేట మొదలు. ఆ చెయ్యి తెరుచుకోకపోతే ఈసారి సముద్రం ఈయన్ని కూడా తీసుకుపోతుంది.

"లెయ్యి బావా," అన్నాను. గారు అనడం కూడా మర్చిపోయాను. ఆ చెయ్యి తెరిపించేది ఈ విల్లేనని, దాన్ని చంకన పెట్టుకుని ఆయన్ని తోటకు నడిపించాను.

మేష్టారు దారికి అటూ ఇటూ మనుషుల్ని ఆపారు. బావగారు విల్లు పట్టుకుని, గురికోసం గడ్డి కుక్కి నిలబెట్టిన గోనెకు ఎదురుగా నిలబడ్డారు, పిడికిలి ఎప్పటిలాగే బిగుసుకుని. వలదారం తీసుకుని ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ నేనే ముడి వేశాను. ఈ ఇంటి కోడలినైన ఇరవై ఏళ్లలో బావగారి చెయ్యి తాకడం అదే మొదలు. 

"ఆ రోజు నువ్వు వదల్లా బావా. జారింది. నాకు తెలుసు."

చెప్పేసి వెనక్కి వచ్చి కళ్లు గట్టిగా మూసుకున్నాను. నారి మోగింది. గోనె మీద చప్పుడైంది. 

కళ్లు తెరిస్తే బాణం గోనె నడుమ ఉంది. బావగారు అటు చూడటం లేదు. విల్లు దారానికి వేలాడుతోంది, వేళ్లు అయిదూ విచ్చుకుని ఉన్నాయి.

"పడలేదు స్వర్ణమ్మా," అని ఏడుస్తూ చెయ్యి నా వైపు తిప్పారు. అరచేతికి అడ్డంగా, ఆ గాలివాన రోజు తాడు కోసుకుపోయిన మచ్చ. నాలుగేళ్లుగా ఆ పిడికిట్లోనే దాగి ఉన్న ఆ మచ్చను నేను అప్పుడే చూశాను.