శామ్ ఏరుకున్న బండ

దెయ్యాలని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. అనంతపురంలో మైక్‌సెట్లు అద్దెకిస్తాను, గిటార్ వాయిస్తాను. ఎక్కడ వింత శబ్దం వచ్చినా ముందు వైరు చూసేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు.

శామ్ మా రాక్ బ్యాండులో గాయకుడు. వాళ్ళ నాయన తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ షెడ్డులో మేస్త్రీ. కాలేజీ ఫంక్షన్లలో వాడు గొంతెత్తితే నా స్పీకర్లు చిన్నబోయేవి. ఎండిన బోర్ల మీద, రాతిదుమ్ము మీద పాటలు కట్టి కుర్రాళ్ళను కుర్చీలెక్కించిన మొనగాడు. అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు.

చివరి పాట ముగింపు కుదరక ఆగిపోయింది. "ఆకరి స్వరం ఇంకా దొరకలేదప్పా" అనేవాడు. ఇంతలో గొంతులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్‌తో మాట పోయింది. వాడు ఉండగానే పాట పూర్తి చేస్తానని మాటిచ్చాను.

చనిపోవడానికి వారం ముందు, షెడ్డుకు తీసుకుపొమ్మని ఫోన్లో రాసి చూపించాడు. తన సమాధికి బండ తానే ఏరుకుంటాడట! కుర్చీలో కూర్చోబెట్టాం. వాళ్ళ నాయన ఒక్కో బండ నిలబెడుతుంటే, తన బైకు తాళంచెవితో తట్టి, చెవి ఆనించి, వద్దని తల ఊపుతున్నాడు. పగులున్న రాయి మొద్దుగా పలుకుతుంది, మంచిది మోగుతుంది. అది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే.

"అన్నీ మంచి బండలే గదప్పా, ఇంకేం ఎతుకుతాండావు?" అన్నాడు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ.

చివరికి ఒక బండ దగ్గర ఆగి నవ్వాడు. నన్ను చూపించి, బండను చూపించాడు. మెషిన్ల మోతలో నాకేమీ వినబడలేదు. ఆపమని అడగాలని తోచలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

శామ్ పోయాడు. పాట అలాగే ఉంది. ఆ బండను వాళ్ళ నాయనే సమాధి మీద సిమెంటులో పరిచాడు.

జ్ఞాపకార్థ కూడిక రోజు, ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకు లేచారు. సమాధి దగ్గర నేనూ వాళ్ళ నాయనా మిగిలాం. వాడి బైకు తాళంచెవి నా జేబులో ఉంది. ఊరికే బండ మీద తట్టాను.

మోగింది. సన్నగా, చాలాసేపు. మా పాట ఆగిన చోట అతికినట్టు సరిపోయే స్వరం.

పెద్దాయన నా చేయి పట్టుకున్నాడు. "సిమెంటులో కూర్చున్న బండ యాడన్నా మోగుతాదా? నేనే పరిచినా, కింద సందే లేదు" అన్నాడు. తాళంచెవి తీసుకుని తానూ తట్టాడు. టక్కుమంది, అంతే. నేను మళ్ళీ తట్టినా అంతే.

ఆ స్వరం ఎక్కడ జారిపోతుందోనని బస్సులో దారంతా కూనిరాగం తీస్తూనే ఉన్నాను. టికెట్ అడిగినా ఆపలేదు. కండక్టర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇల్లు చేరి గిటార్ మీద పట్టుకున్నాక ఏడ్చాను. పాట పూర్తయింది.

మాట తప్పింది నేను. వాడు మాత్రం ఆ స్వరం నాకు అందించే పోయాడు.

తాడిపత్రి వెళ్ళినప్పుడల్లా ఆ బండను తట్టి చూస్తాను. మళ్ళీ మోగలేదు. ఆ రోజు ఎలా మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చూద్దామంటే అక్కడ వైరు కూడా లేదు.