తక్కువ మంది ఉన్న ఫీడర్

2023 వేసవిలో నేను ఆళ్లగడ్డ దగ్గర ఒక విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. ఉన్న రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకటి మరమ్మతుకు పోయింది. సాయంత్రమైతే రెండోదాని మీద భారం పెరిగేది. ఏదో ఒక ఫీడర్‌ను, అంటే కొన్ని ఊళ్లకు కరెంటు మోసే లైనును, కాసేపు ఆపక తప్పేది కాదు.

ఏది ఆపాలన్నదానికి పెద్ద చర్చేమీ లేదు. సర్వీసులు, అంటే కనెక్షన్లు, ఎందులో తక్కువుంటే అదే. "మూడు పల్లెలోళ్లు తిట్టుకుంటే పోయేదానికి టౌనంతా తిట్టించుకునేది యాలప్పా?" అనేవారు మా పై అధికారి, ఏఈ గారు. నాకూ అది న్యాయంగానే తోచింది. గ్రూప్స్‌కు చదివే రోజుల్లో ఎథిక్స్ పేపర్ కోసం ప్రయోజనవాదం బట్టీ పట్టినవాణ్ణి. ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే మంచి పని అంటుంది అది. ఆ ఉద్యోగం రాకపోయినా సిద్ధాంతమైనా పనికొచ్చిందని మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం మస్తానయ్య వచ్చాడు. ఆ పల్లెల్లో ఒకదాంట్లో పరుపులు కుట్టే పెద్దాయన. గడ్డానికి దూదిపోగులు అంటుకునే ఉన్నాయి. ఊపిరితిత్తులు దెబ్బతిన్న భార్య ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉందట. కరెంటు పోతే అది ఆగిపోతుంది.

"ఆపొద్దని చెప్పేదానికి రాలేదు సార్. ఎప్పుడు తీస్తారో ముందే చెప్తే, ఆమెను ఆటోలో ఆళ్లగడ్డకు మా బిడ్డింటికి తీసకపోతా. ఆడ కరెంటు పోదంట కదా."

"రోజూ తిప్పుతావా పెద్దాయనా?"

"ఏం చేసేది? నిన్న విసనకర్రతో ఇసురుతా కూచుంటి. గాలి వచ్చినా ఆమెకు అందల్యా." గడ్డానికి అంటుకున్న దూదిపోగు తీసేసుకుంటూ అడిగాడు. "మేం కొంచెం మందిమని దినామూ మమ్మల్నే తీస్తాండారా సార్?"

అవునన్నాను. ఆయన కోప్పడలేదు. ఆయన వెళ్లాక సర్వీసుల పట్టిక మళ్లీ తీశాను.

ప్రయోజనవాదం మీది ఆక్షేపణలూ చదివినవే. మొత్తం మేలును కూడుతుందే తప్ప, కష్టం ఎవరి వంతుకు పడిందో అడగదని ఒకటి. ఎన్ని ఇళ్ల చల్లదనం కలిపితే ఒక మనిషి ఊపిరికి సరితూగుతుందని ఇంకొకటి. ఆమె ప్రాణాన్నీ లెక్కలో వేసుకోండి, సరిపోతుంది అని సిద్ధాంతం వైపువాళ్లు జవాబిస్తారు. నిజమే. కానీ మాకు కనపడేది సర్వీసుల సంఖ్యే. ఆయన ఎండలో నడిచి రాకపోతే ఆమె ఉందనే మాకు తెలియదు.

ఏఈ గారికి చెప్పాను. విసుక్కున్నారు. తర్వాత, "సరే, వంతులు పెట్టు. తిట్లు మాత్రం నువ్వే తినాల" అన్నారు. మస్తానయ్య ఫీడర్‌ను తప్పించి, టౌనుతో సహా మిగతా అన్నిటికీ వంతులు వేశాం. తిట్లు కడుపునిండా తిన్నాను. ఐస్‌క్రీమ్ షాపాయన మా నాయన దాకా వెళ్లి పంచాయితీ పెట్టాడు.

వానలు మొదలుకాకముందే ఆమె నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూసింది. కొన్నాళ్లకు, వంతులు ఇంకా నడుస్తుండగానే, మస్తానయ్య మళ్లీ వచ్చాడు. కుర్చీ వేశాను. మంచినీళ్లు ఇచ్చాను.

"ఇంట్లో ఉన్నన్ని దినాలూ నిమ్మళంగా గాలి పీల్చుకునింది సార్. మిషన్ వెనక్కి ఇచ్చేస్తి. ఇంగ మా లైను గూడా వంతులో పెట్టండి. మా కోసరం పక్కూర్లోళ్లు ఇన్నాళ్లు చీకట్లో కూచున్యారు. ఇంగా కూచోబెట్టేది బాగుండదు."

ఎక్కువమంది కోసం కొందరు ఓర్చుకోక తప్పని రోజులు మా పనిలో వస్తూనే ఉంటాయి. ఆ కొందరు ఎప్పుడూ వాళ్లే కాకూడదని మస్తానయ్య దగ్గర నేర్చుకున్నాను. ఆ సాయంత్రం వంతు ఆయన ఊరికే వేశాను. బ్రేకర్ ఆపుతుంటే ఏడుపు ఆగలేదు.