జయరాజ్ నెత్తుటిలో తెల్లని పోగు

కరుణమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు జయరాజ్‌ను కనిపెట్టుకుని ఉండటంతోనే వయసు గడిచిపోయింది. చేవెళ్లలో డిగ్రీ చదివే రోజుల్లో అతనికి గొంతులు వినపడటం మొదలైంది. ఎవరూ లేని గదిలో ఎవరికో జవాబు చెప్పేవాడు. దవాఖాన మాత్రలతో ఇప్పుడు చాలావరకు కుదుటపడ్డాడు, నర్సరీలో పనికి కూడా పోతున్నాడు. ఊళ్లో మాత్రం అందరూ వాళ్లమ్మనే ఆడిపోసుకున్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో పాపం చేసిందన్నారు. ఆ మాటలు పడుతూనే ఆమె కన్నుమూసింది.

మనసు జబ్బులు వంశాల్లో ఎలా నడుస్తాయో పరిశోధిస్తున్న మమత ఒకనాడు వాళ్లింటికి వచ్చింది. ఆమెది శంకర్‌పల్లి. జయరాజ్ నెత్తురుతో పాటు కరుణమ్మదీ అడిగింది.

“నాకేం రోగం లేదు గద మేడం, నాదెందుకు?”

“అందుకే కావాలె అక్కా. ఒక్క కడుపుల పుట్టిన్రు. ఒకరికొచ్చింది, ఒకరికి రాలే. ఎందుకో చూడాలె.”

“ఇస్త. కానీ దాంతోని ఏం చేస్తరో నాకు చూపెట్టాలె.”

మమత మాట తప్పలేదు. కొన్నాళ్లకు ఇద్దరినీ నగరంలోని తన ల్యాబ్‌కు పిలిచింది. జయరాజ్ నెత్తురులోంచి తీసిన, నీళ్లలాంటి ద్రవం ఉన్న గొట్టంలో చల్లని స్పిరిట్ పోసి మెల్లగా తిప్పింది. ముందు ఏమీ కనపడలేదు. చూస్తుండగానే సన్నని తెల్లని పోగు ఒకటి చుట్టలు చుట్టుకుంటూ పైకి తేలింది, విప్పిన దూదిలా.

“మీ అమ్మనాయనల నుంచి జయరాజన్నకు వచ్చింది ఇదే, డీఎన్‌ఏ. వాళ్లకు వాళ్ల అమ్మనాయనల నుంచి. గట్ల ఎంత ఎన్కకు పోతే అంత.”

కరుణమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తాను ఎన్నడూ చూడని ముత్తవ్వలు, పేర్లు కూడా మిగలని మనుషులు, అందరూ గోరంత దూదిలో ఉన్నారు. చర్చిలో మోకాళ్ల మీద కూర్చున్నప్పటిలా ఆమె ఒళ్లు జలదరించింది.

జయరాజ్ గొట్టం దగ్గరికి వంగాడు. “నాకు వినొచ్చే గొంతులు గూడ దీన్లనే ఉన్నయా?”

మమత గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. “గొంతులుండవన్నా. చిన్న చిన్న తేడాలుంటయి, వేలల్ల. ఒక్కటే అయితే దాంతోని ఏం కాదు. శానా కలిసి, బతుకుల ఇంకేదో తోడైతే జబ్బొస్తది. గసొంటివి అక్క నెత్తుర్ల ఉన్నయి, నా నెత్తుర్ల గూడ ఉన్నయి. ఏవి కలిస్తే ఏమైతదో మాకింక పూర్తిగ తెల్వదు.”

“మరి మా అమ్మ పాపం చేసిందన్నరు?” అంది కరుణమ్మ.

“ఏ పాపం లేదక్కా. బిడ్డకు ఏది ఇయ్యాలె, ఏది ఇయ్యొద్దు అన్నది ఏ తల్లి చేతుల లేదు.”

కరుణమ్మ నెత్తురుతో అలాగే చేసిన రెండో గొట్టాన్ని మమత దాని పక్కన పెట్టింది. అక్కదేదో, తమ్ముడిదేదో పోల్చుకోలేనంతగా ఒకేలా ఉన్నాయి. కరుణమ్మ కళ్లు తుడుచుకుంటుంటే జయరాజ్ నవ్వాడు. “నీదే జర లావున్నదక్కా.”

ఈ పనితో జయరాజ్ జబ్బు నయం కాదని మమత ముందే చెప్పింది. అయినా ఆ ఆదివారం కరుణమ్మ చర్చిలో జరిగే స్త్రీల కూటంలో లేచి నిలబడి, “మా అమ్మ తప్పేం లేదు” అంటూ చూసిందంతా చెప్పింది. కూటం ముగిశాక చందనవెల్లి నుంచి వచ్చిన ఒకామె ఆమె చెయ్యి పట్టుకుంది. ఎవరివో గొంతులు వినపడుతున్నాయంటూ తన పెనిమిటి నెల నుంచి గది దాటి రావడం లేదట.

మర్నాడు అక్కాతమ్ముళ్లు చందనవెల్లి పోయారు. మూసిన తలుపు దగ్గర జయరాజ్ కింద కూర్చున్నాడు. “అన్నా, నాక్కూడ వినొస్తయి,” అన్నాడు. “ఫికర్ చెయ్యకు. చాయ్ తాగి, దవాఖానకు పోదాం.”

కాసేపటికి లోపల గడియ కదిలింది.