కింది వరసలో బోరప్ప

ఉరవకొండలో ఫ్లెక్సులు వేసే అంగడిలో తిప్పేష్ పని తలకాయలు అతికించడం. నాయకుడి తల ఎంత పెద్దగా ఉండాలి, దాని పక్కన ఎవరిది రావాలి, కింది వరసలో చింతగింజలంత తలలు ఎవరెవరివి అన్నది అతను చూసుకోవాలి. వరస తప్పితే కొట్లాట అవుతుంది.

పదేళ్ల కిందట ఒక కరువులో పెద్ద ఆఫీసర్లు చేలు చూడటానికి వచ్చారు. కార్లు తారురోడ్డు దిగలేదు. ఒకాయన అద్దం దించి, ఎండిన వేరుశనగ మొక్కను పీకించి తెప్పించుకున్నాడు. చూసి తిరిగి ఇచ్చేసి అద్దం ఎక్కించుకున్నాడు. ఆ సాయంత్రం తిప్పేష్ అంగడి కంప్యూటర్ మీద ఒక బొమ్మ వేశాడు. నీళ్లు పడని బోరు. నేలలోంచి మోకాలెత్తు లేచిన పైపు, దానికి రెండు కళ్లు, మూతి మీద కప్పిన బండరాయే టోపీ. "దిగండప్పా, మా నేల కరవదు" అని కారుతో చెబుతోంది. దానికి బోరప్ప అని పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో వదిలాడు. తెల్లారేసరికి అది కుందుర్పి నుంచి కొత్తచెరువు దాకా ఫోన్లలో తిరిగింది.

ఇక ప్రతి శుక్రవారం ఒక బొమ్మ. మొదట్లో బోరప్ప కోపిష్టి. అరచేతిలో టెంకాయ నిలబెట్టి నేలలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాడినీ, పంట బీమాకు లెక్క కట్టేవాడినీ వదల్లేదు. తర్వాత నాయకుల మీదికి మళ్లాడు. అందరికంటే ఎక్కువగా దివాకర్ మీదికి. భూములూ పదవీ తాతల నాటి నుంచీ ఉన్న ఇంటి మనిషి. కాలువ నీళ్లు వచ్చేస్తున్నాయని ప్రతి ఎన్నికలకూ చెప్పేవాడు. బొమ్మలో అతను కాలువ ఫొటో ముందు టెంకాయ కొట్టి, ఆ ఫొటోలోనే బిందె ముంచుతాడు.

దివాకర్ మనుషులు వచ్చి అంగడిలో కుర్చీ విరగ్గొట్టి పోయారు. తిప్పేష్ భయపడ్డాడు. లోపల సంతోషపడ్డాడు. బొమ్మ తగిలింది.

కొన్నాళ్లకు దివాకర్‌కు తెలివొచ్చింది. ఆ బొమ్మకే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్లకు చూపించి, "మా తిప్పేషు వేసినాడప్పా. ముక్కు ఎట్ల దింపినాడో చూడు" అనేవాడు. ఎదుటి పార్టీ విష్ణువర్ధన్ ఫోన్ చేసి నిష్ఠూరమాడాడు. "ఎప్పుడు చూసినా ఆయప్ప బొమ్మేనా? మేము మనుషులం కాదా?" బోరప్ప చేత తిట్టించుకోవడం ఊళ్లో ఒక హోదా అయింది.

కానీ శుక్రవారం వస్తూనే ఉంటుంది. తిప్పేష్ చుట్టూ చూస్తే చిన్నవాళ్లు కనిపించారు. పింఛను చేతిలో పడగానే వైన్‌షాపుకు నడిచే ముసలాయన, ఉచిత బస్సులో సీటు కోసం జుట్లు పట్టుకునే ఆడవాళ్లు. వీళ్ల మీద వేస్తే లైకులు ఎక్కువ. కుర్చీ విరగ్గొట్టేవాళ్లు లేరు. ఇది జనజీవితం అని తిప్పేష్ తనకు తాను చెప్పుకున్నాడు.

గంగక్క అతని వీధిలోనే ఉంటుంది. మొగుడు పోయాడు, కూలి చేసుకుని బతుకుతుంది. ఎన్నికల ముందు ఒకే రోజు పొద్దున దివాకర్ సభకూ, మధ్యాహ్నం విష్ణువర్ధన్ సభకూ లారీ ఎక్కింది. ఊళ్లో సగం మంది అలాగే ఎక్కారు. బొమ్మలో మాత్రం గంగక్క ఒక్కతే ఉంది. తలకు రెండు కండువాలు, రెండు చేతుల్లో రెండు బిర్యానీ పొట్లాలు, కుంటు నడక. పేరు రాయలేదు. ఆ కుంటు చాలింది.

దివాకర్ వైపు రైతులు ఆమె విష్ణువర్ధన్ మనిషి అన్నారు. విష్ణువర్ధన్ వైపు రైతులు దివాకర్ మనిషి అన్నారు. చేలన్నీ ఈ రెండు వైపులవే. వేరుశనగ పెరికే రోజులు అవి. ఆమె ఏడాది తిండి ఆ కూలి మీదే. ఒక్కరూ పిలవలేదు. ఆమె నేరుగా అంగడికి వచ్చింది.

"ఏమిరా తిప్పేషూ, నా కాలు బాగా దింపినావంట."

"నీ పేరు యాడా రాయలేదు గదక్కా."

"దివాకరన్న పేరు రాస్తివా? అందరికీ తెలిసె గదా."

"ఆయన నవ్వి ఊరుకున్నాడు. నువ్వూ నవ్వితే అయిపోతాది."

"ఆయన నవ్వినా ఆయన చేను ఆయనకుండాది. నేను నవ్వితే నన్ను కూలికి ఎవరు పిలుస్తారురా?"

"బొమ్మ తీసేస్తాలే అక్కా."

"తీసి ఏం చేస్తావు? అందరి ఫోన్లలో ఉండాది. నా పని పోగొట్టింది నువ్వు. నువ్వే తెచ్చియ్."

తిప్పేష్ కూలీలను పిలుచుకుపోయే సుంకమ్మ దగ్గరికి పోయాడు. సుంకమ్మ చేటలో గింజలు చెరుగుతూ తల ఎత్తలేదు. "నాదేముందప్పా? రైతులు వద్దంటాండారు. దివాకరన్నతో ఒక మాట చెప్పించు. వారం వారం బొమ్మలేసి ఆయనకు దగ్గరోడివైతివి గదా."

దివాకర్ తిప్పేష్‌ను హాల్లో ఫ్రేము కిందే కూర్చోబెట్టాడు, కాఫీ తెప్పించాడు.

"ఆ కుంటిదేనా? నా వెంట తిరిగే రాజేంద్ర చూపించినాడు. కడుపుబ్బ నవ్వినానప్పా."

"కూలికి పిలవమని ఒక మాట చెప్పన్నా."

"ఓస్, అంతేనా!" దివాకర్ ఫోన్ తీసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. "వచ్చే వారం నా పుట్టినరోజు. ఫ్లెక్సులో నీ బోరప్ప గూడ ఉండల్ల. చేతులు జోడించి."

"పైపుకు చేతులుండవన్నా."

"పెట్టప్పా. ఇందరికి తలకాయలు పెడతావు, దానికి చేతులు పెట్టలేవా?"

తిప్పేష్ నోట్లోంచి అంగడి మాటే వచ్చింది. "ఏ వరసలో పెట్టమంటావన్నా?"

దివాకర్ నిజంగానే ఆలోచించాడు. "కింది వరసలో. రాజేంద్ర పక్కన. మరీ పెద్దగా వద్దు, వాడు అలుగుతాడు."

చేతులు బాగా కుదిరాయి. పైపుకు పుట్టుకతో ఉన్నట్టే ఉన్నాయి. ఫ్లెక్సు బస్టాండు దగ్గర లేచింది. మర్నాడే గంగక్కకు పిలుపు వచ్చింది. రెండు రోజులకు విష్ణువర్ధన్ మనుషులు అంగడికి వచ్చారు. వాళ్లకూ బోరప్ప కావాలట, ఒక వరస పైన. తిప్పేష్ అదీ వేశాడు. ఆ శుక్రవారం బొమ్మ రాలేదు. బోరప్ప యాడికి పోయినాడని ఎవరో ఒకరు అడిగారు. మరో శుక్రవారానికి అడిగేవాళ్లూ లేరు.

పొద్దు వాలే వేళ గంగక్క చేను నుంచి వస్తూ అంగడి మెట్టు దగ్గర ఆగింది. చేతులు మోచేతుల దాకా ఎర్రమన్ను.

"పిలిచినారులే."

"ఇంక ఎవరి బొమ్మా వెయ్యనక్కా," అన్నాడు తిప్పేష్. ఆమె మెచ్చుకుంటుందనుకున్నాడు.

"నేను అది అడిగితినా? దివాకరన్నది వెయ్. చూసి నవ్వలేనట్ల వెయ్."

"చేతగాదక్కా."

"నా కాలు చేతనయ్యె గదరా," అని ఆమె వెళ్లిపోయింది.