హెయిర్ డ్రయ్యరుతో కాచిన డప్పులు

నేను సంగీతం టీచరుగా చేరింది వీణ నేర్పడానికి. ఉయ్యూరు దగ్గర మా హైస్కూల్లో వీణ ఉంది, దానికి తీగలు లేవు. అందువల్ల చాలా ఏళ్లు ప్రార్థన గీతాలూ, జెండా పండుగ పాటలూ నేర్పుతూ గడిపాను. ఒక వానాకాలం హెడ్మాస్టారు పిలిచి, జిల్లా పోటీల్లో ఈసారి జానపద వాద్యబృందాలకు కూడా చోటిచ్చారనీ, మన స్కూలు తరఫున డప్పుల జట్టు వెళుతోందనీ చెప్పారు.

"నాకు డప్పు రాదండీ" అన్నాను.

"మీరు సంగీతం టీచరే కదమ్మా" అన్నారాయన. పేరు పంపేశాక అడిగారని తర్వాత తెలిసింది.

స్కూలున్న ఊళ్లోనే ఒక డప్పు బృందం నాయకుడున్నారు. ఆయనకు కారుంది, విజిటింగ్ కార్డుంది. ఎన్నికల ప్రచారాలు లేని రోజులు కాబట్టి శనివారాలు వస్తానన్నారు. పిల్లల్నీ నన్నూ ఒకే వరసలో నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు. కుడిచేతిలో లావు కర్ర, ఎడమచేతిలో సన్నపుల్ల. నా దగ్గరికి వచ్చి కాసేపు చూసి, "మేడంగారూ, అది పసిబిడ్డ కాదండీ. అంత జాగ్రత్తగా ఎత్తుకోకండి" అన్నారు. పిల్లలు నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

ఇంట్లో సాధన చేద్దామని ఒక డప్పు విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంటుకు తీసుకెళ్లాను. పావుగంట కాకుండానే అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్ చేశారు. "ఏమండీ, ఎవరన్నా పోయారా?" అన్నారు మెల్లగా. లేదండీ, ప్రాక్టీసు అన్నాను. "దేనికండీ?" అన్నారు. ఆ తర్వాత సాధన స్కూల్లోనే చేశాను.

జట్టులో అందరికంటే బాగా కొట్టేది తొమ్మిదో తరగతి అమ్మాయి. చెరుకు రైతు కూతురు. దెబ్బ ఎక్కడ పడాలో ఆ పిల్లకు ఒకసారి చెబితే చాలు. నెల తిరక్కుండా వాళ్ల నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూలుకు వచ్చారు.

"మా అమ్మాయి చేత డప్పు కొట్టిస్తన్నారంటండీ?"

"అవునండీ. అందరికంటే బాగా కొడుతోంది."

"అదేనండీ బాధ. ఊళ్లో నలుగురూ అనుకుంటన్నారు. వీణ నేర్పండి, నేనెందుకు కాదంటాను?"

"వీణకు తీగలు లేవండీ."

"అంతేకదా, నేను తెప్పిస్తాను."

మిగతా పిల్లలు వరండాలో నిలబడి ఈ మాటలన్నీ వింటున్నారు. వాళ్లలో కొందరి ఇళ్లల్లో తాతల నాటి నుంచీ డప్పే బతుకు. ఒక పిల్లవాడు అప్పటికే శుభ్రంగా ఉన్న డప్పును మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"ఈ పిల్లలకు కూడా కొట్టొద్దని చెప్పమంటారా అండీ?" అన్నాను.

ఆయన వరండా వైపు చూశారు. "నేనట్టా అన్లేదండీ" అని, చొక్కా సర్దుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆ అమ్మాయి మామూలుగానే వచ్చి డప్పు తగిలించుకుంది. "నాన్నగారు ఒప్పుకున్నారా?" అని అడిగాను.

"అడగలేదు మేడం. అడిగితే వద్దంటారు."

వీణకు తీగలు మాత్రం వారంలోగా వచ్చాయి. నేనే బిగించుకున్నాను. నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు.

పోటీ విజయవాడలో, ఏసీ హాల్లో. పొద్దుటి నుంచీ ముసురు. బస్సు దిగేసరికే డప్పులు మెత్తబడిపోయాయి, కొడితే తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టుంది. కాచుకోవడానికి గోనెసంచి నిండా ఎండిన చెరుకు ఆకు తెచ్చుకున్నాం. బయట వాన, లోపల నిప్పు పెట్టకూడదని వాచ్‌మన్. చెరుకు ఆకు సంచి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

పక్క గదిలో ఇంకో స్కూలు డాన్సు పిల్లలు ముస్తాబవుతున్నారు. వాళ్ల టీచర్ని హెయిర్ డ్రయ్యర్ అడిగాను.

"జుట్టుకేనా అండీ?"

"కాదండీ, తోలుకు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఇచ్చింది.

నేను డ్రయ్యర్ పట్టుకున్నాను. పిల్లలు గజ్జెలు కట్టుకుంటున్నారు, తలపాగాలు చుట్టుకుంటున్నారు. అప్పుడు గుమ్మంలో చెరుకు రైతుగారు కనిపించారు. పోటీ సంగతి వాళ్లావిడ ఆ పొద్దునే చెప్పిందట. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చారో, చూడటానికి వచ్చారో ముఖం చూస్తే తెలియలేదు. ఆ పిల్ల తలెత్తి, "నాన్నా, ఇది కాస్త పట్టుకో" అని డప్పు చేతికిచ్చింది.

ఆయన జేబురుమాలు తీసి, దానితో అంచు పట్టుకున్నారు. నేను వేడిగాలి పట్టించాను. కాసేపటికి రుమాలు జారుతోందని జేబులో పెట్టేసుకున్నారు. వేలితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకా కాగలేదండీ. ఈ పక్కన పట్టండి" అన్నారు. ఆ పక్కన పట్టాను. అన్ని డప్పులూ అలాగే, వరసగా, ఆయన చేతుల్లోనే కాగాయి. తుడిచిన డప్పునే తుడిచిన ఆ పిల్లవాడు తన డప్పు అందుకుని, ఓసారి కొట్టి చూసి, "సరిపోయిందండీ" అన్నాడు. ఆయన తలూపారు.

పిల్లలు బ్రహ్మాండంగా కొట్టారు. మొదటి వరస కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కాళ్లు ఆడించడం స్పష్టంగా చూశాను. మూడో బహుమతి వచ్చింది. వచ్చినవే మూడు జట్లు. లయ బాగుంది గానీ పిల్లల ముఖాల్లో చిరునవ్వు లేదని న్యాయనిర్ణేత ఒకాయన మైకులో చెప్పారు.

"మూడోదేంటండీ? ఆ రెండు జట్లలో ఏముందంటారు?" అని రైతుగారు హాలు బయట నా మీదే ఎగిరారు. కోపం చల్లారాక, "వచ్చే ఏడు కోలాటం పెట్టించండి. ఆడపిల్లలకు బాగుంటది" అన్నారు. తర్వాత జట్టు మొత్తాన్నీ హోటలుకు తీసుకెళ్లి దోసెలు పెట్టించారు. అందరితో పాటే కూర్చుని తిన్నారు. కూతుర్ని కారులో తీసుకెళ్లారు. ఊళ్లోకి రాకముందే కారాపి, డప్పు తీసి డిక్కీలో పెట్టారని ఆ పిల్లే చెప్పింది.

తర్వాతి శనివారం ఆ అమ్మాయి ప్రాక్టీసుకు వచ్చింది. ఏమన్నారు నాన్నగారు అని అడిగాను. వద్దనలేదట. సరే అని కూడా అనలేదట. పదో తరగతి పరీక్షల దాకా అలాగే కొట్టింది.