దొర ఇచ్చిన సబ్‌మెరీన్

మా ఇంట్లో నలుగురికి చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే ఉండేది. బీరువా మీద గాజు పెట్టెలో, రెండున్నర అడుగుల పొడవున్న బొమ్మ సబ్‌మెరీన్. రాగి, ఇత్తడి కలిపి చేసింది. దాన్ని మా తాతకు దొర ఇచ్చాడు. ఏ దొర, ఎందుకిచ్చాడు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుకు సబ్‌మెరీన్‌తో ఏం పని అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మద్రాసు పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో మా వరుసలో పద్నాలుగు ఇళ్లు. పద్నాలుగింటిలోనూ అదే వంటిల్లు, అదే ఇనప మంచం, అదే నూనె మరకల ఖాకీ చొక్కా. మాకు మాత్రం దొర ఉన్నాడు.

ఆ దొరను పెంచి పెద్ద చేసింది చాలావరకు నేనే. బడిలో ఉన్నప్పుడు ఆయన ఉత్త దొర. కాలేజీకి వచ్చేసరికి ఇంగ్లీషు దొర అయ్యాడు. ఉద్యోగంలో చేరాక, యుద్ధంలో సబ్‌మెరీన్ నడిపి వచ్చిన దొర అయ్యాడు. నా పెళ్లి నాటికి మా తాతకు ప్రాణస్నేహితుడు కూడా అయిపోయి, ఓడ ఎక్కుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా అత్తగారి తరఫు వాళ్లు ఆ కన్నీళ్ల దగ్గర కాసేపు మౌనం పాటించారు.

పోయిన ఏడాది మా నాన్న పోయాడు. పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, సబ్‌మెరీన్ తప్ప. మా తమ్ముడు ఊరి శివార్లలో షోళింగనల్లూరులో పదహారో అంతస్తులో ఉంటాడు. అమ్మేద్దామన్నాడు. అమ్మినా నాకు అభ్యంతరం లేదు. తెలిసినవాడు ఎవరైనా దాన్ని చూసి, ఇది దొరగారిదే అని కాగితం మీద రాసిస్తే నాకు చాలు. యాభై అయిదేళ్లుగా చెప్పుకుంటున్న మాట అది. అబద్ధమని తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తమ్ముడు ముందు ఫోటో తీసి ఫోన్‌నే అడిగాడు. ఫోన్ అది హుక్కా అంది. అడ్డంగా తిప్పి తీస్తే ప్రెషర్ కుక్కర్ విడిభాగం అంది. తర్వాత వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒకాయన జర్మనీది అన్నాడు, ఇంకొకాయన జపాన్‌ది అన్నాడు. మరొకాయన, మొదటి యుద్ధంలో మద్రాసు మీద గుండ్లు కురిపించింది ఇలాంటిదేనని తేల్చేశాడు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి, మద్రాసు మీద గుండ్లు వేసింది సబ్‌మెరీన్ కాదు ఓడ అని మర్యాదగానే సరిదిద్దాడు. ఆయనను గ్రూపులోంచి తీసేశారట.

అప్పుడు ఎగ్మూరులో పాత వస్తువులకు వెలకట్టే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాం. తెల్ల గ్లౌజులు వేసుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. అతుకుల సందుల్లో పేరుకున్న తెల్లటి పొడిని గుండుసూదితో గీకి, ఇది ఉప్పునీటిలో దిగిన ఆనవాలు అన్నాడు. రెక్కల మూలల్లో కనిపించిన ఎర్రదనం యుద్ధకాలంలో తుప్పు పట్టకుండా పూసే రంగట. అడుగున ఉన్న చిన్న రంధ్రం టార్పెడో వదిలే గొట్టమట.

ఆ తెల్లటి పొడి గంధం, విభూతి. ఆ ఎరుపు కుంకుమ. ఏటా ఆయుధపూజ నాడు ఇంట్లో స్కూటర్‌కు, కత్తిపీటకు, కుట్టుమిషన్‌కు పెట్టి, మిగిలింది తెచ్చి దీనికి కూడా పెట్టేవాళ్లం. పెట్టింది చాలాసార్లు నేనే. ఆ మాట అక్కడ చెప్పాల్సింది. తమ్ముడు నా వైపు చూశాడు, నేను గోడ మీద గడియారం వైపు చూశాను.

పరీక్ష ముగించి ఆయన రెండు వెలలు చెప్పాడు. దొర చేతి నుంచి మా తాత చేతికి వచ్చిందని సాక్షి సంతకంతో కాగితం ఉంటే కొన్ని లక్షలు. లేకపోతే తూకం లెక్కన ఇత్తడి ధర. ఆ ధరకైతే ఎదురు వీధిలో కిలోకు ఇంకో ఎనిమిది రూపాయలు ఎక్కువిస్తారని కూడా చెప్పాడు. నిజాయితీపరుడే.

తాత కాలంనాటి మనిషి ఒక్కాయన మిగిలాడు. వర్క్‌షాపులో తాత చేతికింద పని నేర్చుకున్నాడు. ఎనభై అయిదు దాటినా గొంతు మాత్రం షిఫ్టు సైరన్ కూతలాగే ఉంది. కాగితం నేనే టైపు చేయించాను. "ఈ సబ్‌మెరీన్‌ను ఇంగ్లీషు దొరగారు బహూకరించగా నేను కళ్లారా చూశాను" అని. ఆ వాక్యం నాకే ఎంతో నచ్చింది. సబ్‌మెరీన్‌ను పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పెరంబూరు వెళ్లాను.

నేను కాగితం తీసేలోపే పెద్దాయన చీర విప్పేశాడు. బొమ్మను తొడల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో అతుకు వెంబడి తడిమాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ చూడు నైనా. ఈ అతుకు నాది. వంకరగా ఉండాది, తెలస్తా ఉందా? ఇంక మిగతాదంతా మీ తాత చేతిదే."

"చేతిదేమిటి పెదనాయనా, దొర ఇచ్చింది కదా?"

"దొరకి ఇదంతా చేతనవునా? ఆయుధపూజకి వర్క్‌షాపులో షాపు షాపుకి, సెక్షన్ సెక్షన్‌కి పోటీ నైనా అప్పుడంతా. ఆ దినం గేట్లు తెరిచేస్తారు, ఆడోళ్లు, పిలకాయలు అందరూ లోపలికి వచ్చి చూసేది. మిషన్ షాపోళ్లు ఏరోప్లేన్ చేసినారు. ఏమప్పా మనం చేసేది అంటే, మీ తాత సబ్‌మెరీన్ అన్నాడు. ఈ ఒళ్లు బాయిలర్ ట్యూబు. ఈ ఫ్యాను పాత బేరింగు కోసి చేసింది. అంతా స్క్రాపే. మూడు నెలలు పట్టింది."

అడుగున ఉన్న రంధ్రంలో చిటికెన వేలు పెట్టి నవ్వాడు. అది టార్పెడో గొట్టం కాదు. అక్కడ రబ్బరు ట్యూబు తగిలించి, దీన్ని నీళ్ల తొట్టిలో వదిలి, తాత గుడ్డ కప్పిన బల్ల కింద కూర్చునేవాడట. గాలి పీలిస్తే లోపలికి నీళ్లెక్కి మునిగేది, ఊదితే తేలేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, చూడ్డానికి వచ్చిన ప్రతి గుంపుకూ, బల్ల కిందనుంచి ఊదాడట. రెండు రోజులు దవడలు నొప్పెట్టి అన్నం కూడా నమల్లేకపోయాడట.

"మరి దొర?" అన్నాను. అంత తొందరగా దొరను వదులుకోవడం నా వల్ల కాలేదు.

"ఉన్నాడు. చూసి సంతోషపడి, నువ్వే ఇంటికి ఎత్తుకుపో అని గేటు పాసు మీద సంతకం పెట్టినాడు. అది లేకుండా ఒక ఇనప మొల కూడా బయటికి రాదు కదా."

"ఇంగ్లీషు దొరేనా?"

"ఇంగ్లీషోళ్లు అప్పటికే పోయినారు కదా నైనా. ఈయప్పది కుంభకోణం ఊరు. టోపీ పెట్టుకున్నోళ్లందరినీ మేము దొరా అనేది."

బొమ్మను ఇచ్చిన ఆ దొరను కన్నది మా నాయనమ్మేనట. మా నాన్నకు సంబంధం చూస్తున్నప్పుడు ఆడపిల్లవాళ్లు ఫిట్టరు ఇల్లా అని నసిగితే, ఆమె బీరువా మీది బొమ్మను చూపించి, దొర ఇచ్చాడని అనేసింది. తాత పక్కనే ఉన్నాడు. కొడుకు పెళ్లి చెడుతుందని ఊరుకున్నాడు.

పెద్దాయన నా చేతిలో కాగితం అప్పుడు చూశాడు. చదివించుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. పెన్ను ఇవ్వమని చెయ్యి చాపాడు.

"యాడ పెట్టాల సంతకం? దుడ్డు వస్తాదంటే రాసుకోండి, పరవాలే. మీ తాత ఏమీ అనడు. ఉన్నప్పుడే ఒక మాట అనలేదు కదా ఆయప్ప."

కానీ తాత అన్నాడు. ఆ మాట పెద్దాయనకు తెలియదు, నాకు తెలుసు. చివరి రెండేళ్లు తాత నా దగ్గరే ఉన్నాడు. అప్పటికి నాయనమ్మ లేదు. చూపు ఆనేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా గాజు పెట్టె దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, "ఇది నేను చేసిందే" అనేవాడు. నేను వెనక నిలబడి వచ్చినవాళ్లకు కన్ను గీటేవాడిని. వాళ్లు వెళ్లాక, "దొర ఇచ్చినాడు కదా తాతా, మర్చిపోతే ఎట్లా?" అని చిన్నపిల్లవాడికి పాఠం చెప్పినట్టు చెప్పేవాడిని. మొదట్లో వాదించేవాడు. బాయిలర్ ట్యూబు అనేవాడు, బల్ల అనేవాడు. బల్ల కింద కూర్చున్నానని ఒక ముసలాయన అంటుంటే మతి పోయిందని కాక ఏమనుకుంటాం? చివరికి ఒకనాడు గ్యాస్ సిలిండర్ తెచ్చినతను అదేమిటని అడిగితే, తాత తనంతట తానే, "దొర ఇచ్చినాడప్పా" అన్నాడు. తాతకు మళ్లీ జ్ఞాపకశక్తి వచ్చిందని నేను మా ఆవిడకు సంబరంగా చెప్పాను. తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దాయన చేతికి పెన్ను ఇవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే తమ్ముడు ఫోన్ చేశాడు.

"సైన్ అయిందా అన్నా?"

"లేదురా. అది దొర ఇచ్చింది కాదు. తాత చేసింది."

అటువైపు లిఫ్ట్ తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది.

"తాత చేసినాడనేదానికి ప్రూఫ్ ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

ఒక వంకర అతుకు తప్ప ఏమీ లేదని చెప్పాను. చేసినవాడే స్వయంగా రెండేళ్లపాటు సాక్ష్యం చెప్పాడనీ, నేనే ఆయన చేత మాట మార్పించాననీ ఫోన్‌లో చెప్పలేకపోయాను.